ఆత్మల కాపరియు అధ్యక్షుడును

"మీరు గొఱ్ఱెలవలె దారితప్పిపోతిరి గాని యిప్పుడు మీ ఆత్మల కాపరియు అధ్యక్షుడునైన ఆయన వైపునకు మళ్లియున్నారు." పేతురు మొదటి పత్రిక రెండవ అధ్యాయం ఈ వచనంతో ముగుస్తుంది. మూడేళ్ల పఠన క్రమాన్ని పాటించే సంఘాలలో, మొదటి సంవత్సరం, ఈస్టరు కాలంలోని నాలుగవ ఆదివారం నాడు, అంటే మంచి కాపరి ఆదివారం నాడు, ఈ భాగాన్ని చదువుతారు. ఆనాటి ప్రసంగం సహజంగానే కాపరి చుట్టూ తిరుగుతుంది. ఇరవై మూడవ కీర్తన వస్తుంది, తొంభై తొమ్మిదింటిని విడిచి ఒక్క గొఱ్ఱె కోసం వెళ్లిన కాపరి కథ వస్తుంది. కాపరి పక్కనే పేతురు రాసిన "అధ్యక్షుడు" అనే రెండవ మాట మాత్రం ఎవరి చూపుకూ ఆనకుండా దాటిపోతుంది. అందుకు కారణం లేకపోలేదు. కాపరి అనగానే మనకు ప్రేమ గుర్తుకు వస్తుంది. అధ్యక్షుడు అనగానే సభ, వేదిక, శాలువా గుర్తుకు వస్తాయి. శాసనసభలో నోరు విప్పిన ప్రతి సభ్యుడూ "అధ్యక్షా" అని మొదలుపెట్టడం రోజూ వినే మన చెవికి, ఆత్మలకు అధ్యక్షుడు అన్న మాట కొంచెం ఎడంగానే వినిపిస్తుంది.

మూల గ్రీకులో ఈ మాట ఎపిస్కొపొస్. క్రొత్త నిబంధన మొత్తంలో ఇది ఐదుచోట్ల మాత్రమే కనిపిస్తుంది: మిలేతులో ఎఫెసు సంఘపు పెద్దలకు పౌలు చెప్పిన వీడ్కోలు మాటల్లో, ఫిలిప్పీ పత్రిక మొదటి వచనంలో, తిమోతికి రాసిన మొదటి పత్రికలో, తీతుకు రాసిన పత్రికలో, చివరగా ఇక్కడ. మొదటి నాలుగూ సంఘాన్ని నడిపే మనుషులను గురించినవి. క్రీస్తును ఈ పేరుతో పిలిచింది పేతురు ఒక్కడే, అదీ ఒక్కసారే. మన నోట బిషప్ అని పలుకుతున్నది ఈ మాటనే. కాబట్టి బిషప్ అనే బిరుదును ధరించిన ప్రతివారూ పేతురు తన ప్రభువుకు పెట్టిన పేరును మోస్తున్నారు. ఆ పేరును విప్పి చూడటం కూడా ఒక విధమైన ధ్యానమే.

ఎపి అంటే మీద. స్కొపొస్ అంటే చూసేవాడు, కావలి కాసేవాడు; అదే మాటకు చూపు నిలిపే గురి అనే అర్థం కూడా ఉంది. "గురి యొద్దకే పరుగెత్తుచున్నాను" అని పౌలు ఫిలిప్పీయులకు రాసినప్పుడు గురి అన్నచోట వాడినది ఈ స్కొపొస్‌నే. టెలిస్కోపు, మైక్రోస్కోపు, వైద్యుల మెడలో వేలాడే స్టెతస్కోపు, వీటన్నిటి చివర ఉన్నది ఈ చూపుకు సంబంధించిన ధాతువే. "మీద" అన్నంత మాత్రాన ఎత్తున కూర్చొని కిందికి చూడటం అని తేల్చవలసిన పని లేదు. "నేను బజారుకు వెళ్లి వస్తాను, పిల్లవాడి మీద ఒక కన్నేసి ఉంచు" అని పొరుగింటి ఆమెతో చెప్పే తల్లి మాటలో "మీద" ఎత్తును చెప్పదు, ఎడతెగని శ్రద్ధను చెబుతుంది. గ్రీకు "ఎపి"లో ఈ రెండు అర్థాలకూ చోటు ఉంది. సంఘ చరిత్రలో ఈ బిరుదు అనుభవించిన కీర్తీ అపకీర్తీ రెండూ, ఏ అర్థాన్ని ఎంచుకున్నారన్న దాని మీదనే ఆధారపడ్డాయని నాకు అనిపిస్తుంది.

గ్రీకు నుండి లాటిన్‌లోకి వచ్చినప్పుడు ఎపిస్కొపుస్ అయిన ఈ మాట, వాడుక లాటిన్ నోళ్లలో నలిగి, మొదటి అచ్చును పోగొట్టుకొని, "ప"ను "బ"గా మార్చుకొని, పాత ఆంగ్లంలో అడుగుపెట్టి చివరకు బిషప్ అయింది. ఇటలీలో వెస్కొవొ, స్పెయిన్‌లో ఒబిస్పొ, పోర్చుగల్‌లో బిస్పొ, జర్మనీలో బిషోఫ్ అంటారు. ఫ్రెంచివారి ఎవెక్‌లో చూపును తెలిపే ధాతువు అరిగి అరిగి చివర ఒక్క "క్"గా మిగిలింది. మన దేశంలో ఒక పాత మెథడిస్టు శాఖ పేరులో ఉండిన "ఎపిస్కోపల్" అనే విశేషణం మాత్రం గ్రీకు రూపాన్ని దాదాపు చెక్కుచెదరకుండా నిలుపుకుంది.

మన తెలుగు బైబిలు అనువాదకులు ఈ లాటిన్ దారి పట్టలేదు. వారు ఎంచుకున్న "అధ్యక్షుడు" సంస్కృత పదం. అధి, అక్షి అనే రెండింటిని కలిపి, ఒకదాని మీద కన్ను నిలిపినవాడు అని దానికి అర్థం చెబుతారు. ఎపిస్కొపొస్‌కు ఇంతకంటే దగ్గరి మాట దొరకడం కష్టం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ అధికరణం పేరే అధ్యక్షప్రచారం. అందులో పశువులను చూసుకొనే గోఽధ్యక్షుడు, సేద్యాన్ని చూసుకొనే సీతాధ్యక్షుడు, ఓడల రాకపోకలను చూసుకొనే నావధ్యక్షుడు వరసగా కనిపిస్తారు. వారెవరూ సభలకు కూర్చునేవారు కారు. కొట్టాలలో, పొలాల్లో, రేవుల్లో తిరిగే పనివారు. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలో "మయాధ్యక్షేణ ప్రకృతిః" అన్నచోట ఈ మాట ఏకంగా సృష్టిని కనిపెట్టుకొని ఉండే పరమాత్మకు చెందింది. గ్రీకులోనూ సంస్కృతంలోనూ ఒకే పోలికతో పుట్టిన ఈ రెండు మాటలు తెలుగు బైబిలు పుటలో కలుసుకోవడం చక్కని సంగతి. తరువాతి కాలంలో సంఘాలూ సమితులూ ఏర్పడి, ప్రతిదానికీ ఒక అధ్యక్షుడూ కార్యదర్శీ కావలసివచ్చి, ఆ మాటలోని కన్ను మూతపడి కుర్చీ ఒక్కటే మిగిలింది.

పేతురు కలం పట్టక ముందే ఎపిస్కొపొస్‌కు గ్రీకులో పెద్ద చరిత్ర ఉంది. హోమరు ఇలియడ్ చివరి సర్గలో, అకిలీస్ చేతిలో చనిపోయిన హెక్టరు దేహం ట్రాయ్ నగరానికి తిరిగి వచ్చినప్పుడు, భార్య ఆంద్రొమకె అతని తలను చేతుల్లో పట్టుకొని ఏడుస్తూ, ఈ ఊరికి ఎపిస్కొపొస్‌వైన నీవు పోయావు, ఊరి ఇల్లాళ్లనూ పసిబిడ్డలనూ కాపాడినవాడవు నీవే కదా అంటుంది. అక్కడ ఆ మాటకు ప్రాణం అడ్డు వేసి ఊరిని కాచినవాడు అని అర్థం. క్రీ.పూ. ఐదవ శతాబ్దానికి వచ్చేసరికి ఏథెన్సువారు తమకు లోబడిన నగరాలకు పంపే తనిఖీ అధికారికి ఇదే పేరు పెట్టారు. అక్కడి పాలకమండలిని తమకు అనుకూలంగా ఏర్పాటు చేయడం, ఏథెన్సు మాట చెల్లుబాటు అయ్యేలా చూడటం అతని పని. ఆ అధికారి అంటే జనానికి ఎంత విసుగో తెలుసుకోవాలంటే అరిస్తోఫనీస్ క్రీ.పూ. 414లో ప్రదర్శించిన హాస్యనాటకం "పక్షులు" చాలు: పక్షులు ఆకాశంలో కొత్త నగరం కట్టుకుంటే అక్కడికీ ఒక ఎపిస్కొపొస్ ఓటు పెట్టెలు పట్టుకొని తనిఖీకి దిగుతాడు, తన్నులు తిని పోతాడు. ఒకే మాటలో హెక్టరూ ఉన్నాడు, ఈ తనిఖీదారూ ఉన్నాడు.

అయితే పేతురుకు ఈ మాట ముఖ్యంగా వచ్చింది యవన నాటకశాల నుండి కాదు, ప్రార్థనామందిరంలో చదివే లేఖనాల నుండి. హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి తెచ్చిన యూదు పండితులు, "పాకద్" అనే హెబ్రీ క్రియ వచ్చిన చాలాచోట్ల, ఎపిస్కొపొస్‌కు తోబుట్టువైన ఎపిస్కెప్తొమై అనే క్రియను వాడారు. ఒకరిని తలచుకొని, వారి దగ్గరకు వెళ్లి, చూసి, వారికి కావలసినది చేయడం అనే వరస మొత్తం ఈ ఒక్క క్రియలో ఇమిడి ఉంది. ఐగుప్తులో మరణశయ్య మీద ఉన్న యోసేపు తన సహోదరులతో "దేవుడు నిశ్చయముగా మిమ్మును చూడవచ్చి" ఈ దేశంలో నుండి తీసుకొని పోవునని చెప్పిన మాటలో ఉన్నది ఇదే. మోయాబులో కొడుకులిద్దరినీ పోగొట్టుకొన్న నయోమి, యెహోవా తన జనులను దర్శించి వారికి ఆహారమిచ్చుచున్నాడని విని ఇంటిదారి పట్టినప్పుడు ఆమె విన్న కబురులోనూ ఇదే. "నీవు నరపుత్రుని దర్శించుటకు వాడేపాటివాడు?" అని ఎనిమిదవ కీర్తన ఆశ్చర్యపోయేదీ ఈ క్రియకే.

మన భాషలో దర్శనం అనే మాట నడిచే దిక్కును ఇక్కడ గమనించాలి. దర్శనానికి మనం వెళ్తాం. గుడిలో దైవదర్శనమైనా, ఊళ్లోకి వచ్చిన పెద్దమనిషి దర్శనమైనా, చిన్నవారు బయలుదేరి పెద్దవారి దగ్గరకు చేరి, వరసలో నిలబడి, చూసి రావడమే రివాజు. తెలుగు బైబిలు అదే మాటను తీసుకొని దిక్కు మార్చింది. "ఆయన తన ప్రజలకు దర్శనమిచ్చి, వారికి విమోచన కలుగజేసెను" అని లూకా సువార్తలో జెకర్యా పాడిన పాటలో బయలుదేరి వచ్చినవాడు దేవుడే. నాయీను ఊరి గవిని దగ్గర యేసు ఒక విధవరాలి ఏకైక కుమారుని పాడెను ముట్టి, మోసేవారిని ఆపి, చనిపోయినవాణ్ణి లేపి తల్లికి అప్పగించినప్పుడు, అక్కడి జనం దేవుడు తన ప్రజలను దర్శించాడని దేవుని మహిమపరచారు. లాటిన్ బైబిలు ఈ రెండు చోట్లా విసితారె అనే క్రియను వాడింది. చూడటం అనే అర్థమున్న విదేరె నుండి పుట్టి, పదే పదే వెళ్లి చూడటం అనే అర్థాన్ని తెచ్చుకున్న మాట అది. మన సంఘాలలో "అయ్యగారు విజిటింగుకు వచ్చారు" అని చెప్పుకొనే మాట దాని మనుమరాలే.

ఈ క్రియకు పదును లేదని చెబితే అది అబద్ధమవుతుంది. ఎనభై తొమ్మిదవ కీర్తనలో దేవుడు తన ప్రజల అతిక్రమాన్ని దండంతో శిక్షిస్తానన్నచోట గ్రీకు అనువాదం దీన్నే వాడింది. యెరూషలేమును చూసి ఏడ్చిన యేసు, అది తాను దర్శింపబడిన కాలాన్ని ఎరుగకపోయిందని అన్నప్పుడు దాని వెనుకనే రాయి మీద రాయి నిలవదన్న మాట ఉంది. దగ్గరకు వచ్చి చూసినవానికి గాయంతోపాటు దోషమూ కనిపిస్తుంది. కాని ఆ చూపు దేనికోసమో యెహెజ్కేలు ముప్పై నాలుగవ అధ్యాయం తేల్చి చెబుతుంది. మందను మేపక తమ్మును తాము మేపుకొన్న కాపరులను గద్దించిన తరువాత దేవుడు "ఇదిగో నేను నేనే నా గొఱ్ఱెలను వెదకి వాటిని కనుగొందును" అంటాడు. ఆ "కనుగొందును" దగ్గర గ్రీకులో ఉన్నది ఎపిస్కెప్తొమై. కాపరి, ఎపిస్కొపొస్ అనే రెండు పేర్లను పేతురు ఎందుకు జంటగా కట్టాడో ఈ వచనం చదివితే అర్థమవుతుంది. తప్పిపోయిన గొఱ్ఱెలు యెషయా యాభై మూడులో నుండి వచ్చాయి, వాటిని వెదకి చూసే కాపరి యెహెజ్కేలులో నుండి వచ్చాడు.

ఈ మాటలు ఎవరికి రాశాడన్నది ఇంకా ముఖ్యమైనది. మనం ఇరవై ఐదవ వచనాన్ని విడిగా కంఠస్థం చేస్తాం, కాని ఆ పేరా మొదలయ్యేది పద్దెనిమిదవ వచనంలో, "పనివారలారా" అన్న పిలుపుతో. గ్రీకులో ఆ మాట ఇంటి దాసులను ఉద్దేశించినది. మంచి యజమానులకే కాక ముష్కరులైనవారికి కూడా లోబడి ఉండమని చెబుతూ, అన్యాయంగా దెబ్బలు తినేవారి గురించి రాస్తూ, దూషింపబడినా బదులు దూషించని క్రీస్తును వారి కళ్ల ముందు నిలిపి, "ఆయన పొందిన గాయములచేత మీరు స్వస్థత నొందితిరి" అని చెప్పి, ఆ వెంటనే ఈ వచనానికి వస్తాడు. గాయము అన్నచోట పేతురు రాసిన గ్రీకు మాట ఒంటి మీద దెబ్బ తేలిన వాత. ఆ వాత ఎలా ఉంటుందో ఆ శ్రోతలకు ఒకరు వివరించవలసిన అవసరం లేదు.

బతుకంతా ఎవరో ఒకరి కంటి కింద గడిపినవారు వాళ్లు. తెల్లవారి లేచినది మొదలు రాత్రి పడుకొనే దాకా, ఎంత తిన్నారో, ఎక్కడ నిలబడ్డారో, ఎవరితో మాట్లాడారో కనిపెట్టే కన్ను ఒకటి ఎప్పుడూ వారి మీద ఉండేది. అటువంటివారికి, మీ ఆత్మల మీద కన్ను నిలిపినవాడు ఒకడున్నాడని చెప్పడం సాహసమే. చూడటం అంటే వారికి తెలిసిన అర్థం తప్పులు వెదకడం. ఆ మాటనే పేతురు వాడాడు, అయితే ఆ కన్ను కలిగినవాని ఒంటి మీద వారి ఒంటి మీదివంటి వాతలే ఉన్నాయని ముందుగా చెప్పి వాడాడు. తన మంద కోసం దెబ్బలు తిన్న అధ్యక్షుడు ఏథెన్సు వారికీ తెలియడు, కౌటిల్యునికీ తెలియడు. యజమాని దేహాన్ని చూస్తాడు, పనిని చూస్తాడు. ఈయన చూసేది ఆత్మను. ఆ ఇళ్లలో దాసుని లోపలి మనిషిని గురించి ఎవరూ అడగరు. ఎలా ఉన్నావని అడిగి, జవాబు కోసం ఆగేవాడు ఒకడున్నాడన్న వార్త వారికి ఎంతటిదో, ఇతరుల ఇళ్లలో పనిచేసి బతికే మన తల్లులకూ అక్కచెల్లెళ్లకూ ప్రసంగికుని సాయం లేకుండానే తెలుస్తుంది.

అదే పత్రికలో పేతురు ఇంకొక విచిత్రమైన మాట వాడాడు. నాలుగవ అధ్యాయంలో, నరహంతకుడుగా గాని దొంగగా గాని దుర్మార్గుడుగా గాని "పరులజోలికి పోవువాడుగా" గాని ఎవడును బాధ అనుభవింపతగదని హెచ్చరిస్తాడు. ఆ చివరి మాట గ్రీకులో అల్లొత్రి-ఎపిస్కొపొస్, అంటే తనది కానిదాని మీద ఎపిస్కొపొస్ అయి కూర్చున్నవాడు. క్రొత్త నిబంధనలో ఈ పదం మరెక్కడా లేదు. ప్రభువుకు ఇచ్చిన బిరుదునే తిప్పి, హంతకుల, దొంగల వరసలో పెట్టడంలో పేతురు చురుకు కనిపిస్తుంది. పొరుగింటి గుట్టు ఆరా తీసే కన్ను కూడా శ్రద్ధగల కన్నులాగే కనిపించగలదని అతనికి తెలుసు. ఐదవ అధ్యాయంలో పెద్దలకు సలహా చెబుతూ మందను "పైవిచారణ చేయుచు" కాయండి అంటాడు. పైవిచారణ అన్నది ఎపిస్కొపొస్ క్రియారూపానికి తెలుగు అనువాదకులు ఎంచుకున్న చక్కని మాట. కొన్ని ప్రాచీన ప్రతులలో ఆ ఒక్క పదం లేదు, కాని దాని చుట్టూ ఉన్న మూడు షరతులు దాదాపు అన్నింటిలోనూ ఉన్నాయి: బలిమిచేత కాదు, దుర్లాభాపేక్షతో కాదు, అప్పగింపబడినవారి పైన ప్రభువులైనట్టు కాదు.

బిరుదు ఎలా పెరిగిందన్న చరిత్ర పొడుగైనది. ఇక్కడికి కావలసినంత చెప్పుకుంటే చాలు. అపొస్తలుల కార్యములు ఇరవయ్యవ అధ్యాయంలో పౌలు పిలిపించినది సంఘపు పెద్దలను, మాట్లాడుతూ వారినే అధ్యక్షులన్నాడు. ఫిలిప్పీలో ఒకే ఊరికి అధ్యక్షులు ఒకరికంటే ఎక్కువ మంది ఉన్నారు. రెండవ శతాబ్దపు తొలినాళ్లకు సిరియాలోని అంతియొకయకు బిషప్ అయిన ఇగ్నేషియస్ పత్రికలలో ఒక ఊరికి ఒకే ఎపిస్కొపొస్, అతని చుట్టూ పెద్దలు, పరిచారకులు అనే ఏర్పాటు స్పష్టంగా కనిపిస్తుంది. మొదట్లో పెద్ద, అధ్యక్షుడు ఒకరేనని నాలుగవ శతాబ్దంలో పుట్టిన లాటిన్ బైబిలు అనువాదకుడు జెరోము గట్టిగా వాదించాడు. ఈ విషయం మీద ఈనాటికీ శాఖకొక అభిప్రాయం ఉంది.

మాట అర్థం మీద మాత్రం అగస్టీను చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదనుకుంటాను. నేటి అల్జీరియా తీరంలోని హిప్పో పట్టణానికి ఆయన 430లో చనిపోయేవరకు బిషప్. గ్రీకు మాట ఎపిస్కొపొస్‌ను లాటిన్‌లో చెప్పాలంటే సూపరింతెందెరె అనాలనీ, అది గౌరవానికి కాక పనికి పేరనీ, మేలు చేయడం కంటే ముందు నిలవడాన్ని ప్రేమించేవాడు తాను బిషప్ కానని గ్రహించాలనీ "దేవుని నగరం" పందొమ్మిదవ పుస్తకంలో రాశాడు. ముందు నిలవడం ప్రెయెస్సె, మేలు చేయడం ప్రొదెస్సె. ఆ ప్రాసతోనే ఆయన వాత పెట్టాడు. ఒక కీర్తన మీద ప్రసంగిస్తూ, ద్రాక్షతోట కాపలాదారుకు ఎత్తయిన చోటు కట్టినట్టే గుడిలో బిషప్‌కు ఎత్తయిన చోటు కట్టారని అన్నాడు.

అది వింటే మనకు జొన్నచేను మధ్యలోని మంచె కళ్ల ముందు నిలుస్తుంది. నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, ఆకు కప్పిన ఆ ఎత్తు మీద కూర్చొనేవాడు ఊళ్లో పెద్ద ఆసామి కాడు. చాలాసార్లు జీతగాడో, ఇంట్లో చిన్నవాడో. కంకి పాలుపోసుకున్నప్పటి నుండి కోత దాకా, పగలు వడిసెల తిప్పుతూ పిట్టలను తోలుతాడు, రాత్రి పందులు పడకుండా డబ్బా కొడుతూ కేకలు వేస్తాడు. ఎండా వానా ముందుగా తగిలేది అతనికే. కింద నడిచేవానికి జొన్న తలకు మించి పెరిగి ఏమీ కనిపించదు కాబట్టి అతను పైన ఉన్నాడు, అంతకుమించి ఆ ఎత్తుకు అర్థం లేదు. కతీద్రల్ అనే మాటకు మూలమైన కథెద్ర, అంటే బిషప్ కూర్చునే పీఠం, అగస్టీను దృష్టిలో ఈ మంచెయే. మేము మిమ్మును కాస్తున్నాం గాని మీతోపాటు మేమూ కాపుదల కోరుకొనేవారమే, మీకు కాపరులమైనా ఆ కాపరి కింద మీతోపాటు గొఱ్ఱెలమే అని ఆయన ఆ ప్రసంగంలోనే అన్నాడు. తన అభిషేక వార్షికోత్సవం నాడు చేసిన మరొక ప్రసంగంలో, మీ కోసం నేను బిషప్‌ను, మీతో కలిసి క్రైస్తవుణ్ణి; మొదటిది ప్రమాదానికి పేరు, రెండవది రక్షణకు పేరు అని చెప్పుకున్నాడు.

అగస్టీను చెప్పిన ఆ లాటిన్ అనువాదం మన కచేరీలలోకి సూపరింటెండెంటుగా వచ్చి స్థిరపడింది. ఆసుపత్రి సూపరింటెండెంటు, జైలు సూపరింటెండెంటు, జిల్లా పోలీసుకు ఎస్పీ, వీరందరి పదవీ అక్షరాలా ఎపిస్కొపొసే. 1784లో మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ అమెరికా మెథడిస్టుల కోసం నియమించినవారిని సూపరింటెండెంట్లనే అన్నాడు. అక్కడివారు దాన్ని బిషప్‌గా మార్చుకున్నారని తెలిసి 1788లో వారిలో ఒకడైన ఫ్రాన్సిస్ ఆస్బరీకి కోపంగా ఉత్తరం రాశాడు, బిషప్ అనిపించుకోవడానికి నీకు ధైర్యం ఎలా వచ్చిందని. రెండు మాటలకూ అర్థం ఒకటేనని గ్రీకు బాగా తెలిసిన వెస్లీకి తెలియక కాదు. బిషప్ అన్న మాటకు ఇంగ్లండులో అప్పటికి పట్టిన పట్టు, జరీ, సభాగౌరవం ఆయనకు గుచ్చుకున్నాయి. తెలుగు కథోలికులు బిషప్‌ను మేత్రాణులనీ ఆయన పరిధిని మేత్రాసనమనీ అంటారు. అది మలయాళంలోని మెత్రాన్‌తో చుట్టరికం కలిగి, సిరియాక్ మీదుగా, మాతృనగరానికి అధిపతి అనే అర్థమున్న వేరొక గ్రీకు బిరుదు నుండి వచ్చిన మాట. దాని దారి వేరు, దానికి ఇంకొక వ్యాసం కావాలి.

ఎపిస్కొపొస్ అనే మాట తెలుగు నేల మీద నడిచి తిరిగిన కాలమంటూ చెప్పవలసివస్తే దోర్నకల్ పేరు చెప్పాలి. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో భారతీయుల సొంత మిషనరీ సంఘం పక్షాన దోర్నకల్‌కు వచ్చి, తనది కాని తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందాడు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. మధ్యలోని మూడు దశాబ్దాలకు పైగా కాలంలో ఎక్కువ భాగం ఎడ్లబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరగడంలో గడిచింది. ఆయన చూడవెళ్లినవారిలో ఎక్కువమంది ఊరికి వెలుపల, మాలపల్లెల్లో మాదిగవాడల్లో ఉన్న నిరుపేదలు, అంతవరకు ఏ దర్శనానికీ లోపలికి రానివ్వబడనివారు. వారి ఇళ్ల ముందుకే అధ్యక్షుడు వచ్చి దిగడం ఆ పదానికి ఆ రోజుల్లో దొరికిన వ్యాఖ్యానం.

ఈ పని బిషప్పులకే చెందినదైతే మనలో చాలామందిమి ఇక్కడితో ఆగిపోవచ్చు. కాని "రోగినై యుంటిని, నన్ను చూడ వచ్చితిరి" అని మత్తయి ఇరవై ఐదవ అధ్యాయంలో రాజు చెప్పే మాటలో ఉన్నది అదే ఎపిస్కెప్తొమై. యోసేపు తన సహోదరులతో చెప్పిన "చూడవచ్చి" ఇక్కడ మనుషుల కాళ్లకు వచ్చింది. దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వారి యిబ్బందిలో పరామర్శించడం నిష్కళంకమైన భక్తి అని యాకోబు రాసినప్పుడు పరామర్శ అన్నచోట ఉన్నదీ అదే. పరామర్శకు వెళ్లడమంటే ఏమిటో మన పల్లె సంఘాల బైబిలు స్త్రీలను చూసినవారికి తెలుసు: చెప్పులు గడప బయట విడిచి, లోపలికి వచ్చి, మంచం పట్టె మీద కూర్చొని, ముందు జ్వరం సంగతి, మందుల సంగతి, కోడలు సరిగా చూసుకుంటున్నదా లేదా అన్న సంగతి మెల్లగా అడిగి, ఆ తరువాతే కొంగు కప్పుకొని ప్రార్థన మొదలుపెడతారు. మత్తయిలోని ఆ ఉపమానం మాత్రం ఇంకొక మలుపు తిరుగుతుంది: ఆత్మలను చూసే అధ్యక్షుడు ఆ మంచం మీద పడుకొని, ఒకరు చూడవస్తే చాలనుకొనే స్థితిలో ఉన్నాడు.

హెబ్రీయులకు రాసిన పత్రిక పన్నెండవ అధ్యాయంలో, మీలో ఎవడైనను దేవుని కృపను పొందకుండ తప్పిపోవునేమోనని జాగ్రత్తగా చూచుకొనుడి అన్న మాట ఉంది. గ్రీకులో ఆ "చూచుకొనుడి" ఎపిస్కొపొస్ చేసే పనికి పెట్టిన క్రియే, అయితే దానిని పెద్దలకు కాక సంఘం మొత్తానికి అప్పగించారు. ఇగ్నేషియస్ దీనిని అనుభవంలో చూశాడు. సైనికుల కాపలాలో, మరణశిక్ష కోసం రోమాకు నడిపించబడుతూ, ఆయన రోమా సంఘానికి ముందుగా ఒక ఉత్తరం పంపాడు. సిరియాలో తాను విడిచి వచ్చిన సంఘానికి ఇప్పుడు బిషప్ లేడు. మీ ప్రార్థనలో ఆ సంఘాన్ని జ్ఞాపకం చేసుకోండి, నాకు బదులు దానికి దేవుడే కాపరి అని రాసి, దానిని చూసుకొనేది, అంటే దానికి ఎపిస్కొపొస్‌గా ఉండేది, యేసుక్రీస్తు ఒక్కడే అన్నాడు. వాక్యం అక్కడ పూర్తికాలేదు. ఇంకో మూడు మాటలు కలిపాడు: "మీ ప్రేమ కూడా" అని.